ఉప్పుగాలిలో బోల్టు

విశాఖలో కార్లు బాగుచేసే మెకానిక్‌కి ఇంజను ఒక్కటే తెలిస్తే చాలదు, ఊరి గాలీ తెలియాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు రేణువులు ఆ తేమను పీల్చుకుని నీరైపోతాయి. సముద్రం పక్కన అది మామూలు సంగతి. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ల కింద నెలల తరబడి కదలని కారు బానెట్ ఎత్తితే, ఆ ఉప్పునీటి పొర చేసిన పని బోల్టు తలల చుట్టూ, పైపుల అతుకుల దగ్గర కనిపిస్తుంది. డెట్రాయిట్‌లోనో టొరంటోలోనో ఉంటున్న మనవాళ్లకి సముద్రం లేకపోయినా ఈ బాధ తప్పదు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు అదే కీడు చేస్తుంది.

తుప్పంటే ఎర్రగానే ఉంటుందనుకుంటాం. ఇప్పటి ఇంజన్లలో సిలిండర్ హెడ్, వాటర్ పంపు, థర్మోస్టాట్ గూడు చాలావరకు అల్యూమినియంవే. వాటిలోకి బిగించేది ఉక్కు బోల్టు. ఈ రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే తరిగిపోయేది అల్యూమినియమే. తెల్లటి పొడి పుడుతుంది. ఆ పొడికి, తాను పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు కావాలి. అది మరల మధ్య ఇరుక్కుపోతుంది. పైకి మెరుస్తున్న బోల్టు కూడా అందుకే కదలదు.

కదలని బోల్టు మీద బలం చూపిస్తే ముందు దాని తల గుండ్రమైపోతుంది. పన్నెండు మూలల సాకెట్ పక్కన పెట్టి, పలకలను పట్టుకునే ఆరు మూలల సాకెట్ వెయ్యాలి. తుప్పు వదిలించే నూనె ముందురోజు సాయంత్రమే కొట్టి వదిలెయ్యాలి. బోల్టు తల మీద నిటారుగా సుత్తి దెబ్బలు నాలుగు వేస్తే పొడి పగిలి నూనెకి దారి దొరుకుతుంది. ఆ తర్వాత ఒకింత విప్పుతూ, ఒకింత బిగిస్తూ రావాలి. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. కూలెంట్ గొట్టాలు, ఓ-రింగులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి. పెట్రోలియం నూనె తగిలితే అవి ఉబ్బి మెత్తబడతాయి. నూనె కొట్టే ముందు పక్కనున్న గొట్టానికి గుడ్డ చుట్టాలి.

నూనెకి లొంగనిది వేడికి లొంగుతుంది. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, గూటిని వేడిచేస్తే బోల్టు చుట్టూ పట్టు సడలుతుంది. కూలెంట్ అంతా దించేశాక హాట్ ఎయిర్ గన్‌తోనే ఈ పని చెయ్యాలి, గ్యాస్ మంట వద్దు. ఇనుములా అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల లోపే కరిగి జారిపోతుంది.

తల తెగి ముక్క లోపలే ఉండిపోతే గాజువాక ఆటోనగర్ దారి పట్టడమే మేలు. 1948 మార్చి 14న నెహ్రూ ‘జలఉష’ను నీటిలోకి దించిన షిప్‌యార్డు, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం ఉన్న ఊరిది. వెల్డింగు తెలిసిన చేతులకి ఇక్కడ కొదవ లేదు. ముందు బ్యాటరీ తీగ విప్పి, విరిగిన ముక్క మీద నట్టు పెట్టి, దాని రంధ్రంలోంచి వెల్డింగు చేస్తారు. ఉక్కు వెల్డింగు అల్యూమినియానికి అతకదు, ముక్కనీ నట్టునీ మాత్రమే కలుపుతుంది. ఆ వేడికే తెల్లపొడి పట్టూ వదులుతుంది. కాస్త చల్లారనిచ్చి పానా వేస్తే ముక్క మెల్లగా పైకి వస్తుంది. మెకానిక్ పనుల్లో ఇంతకంటే అందమైనది నేను చూడలేదు. చవక ఎక్స్‌ట్రాక్టర్ కొని ఇంట్లో ప్రయత్నించవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అది గట్టిదే కానీ పెళుసు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కొరకలేదు.

మరలే పోయినా హెడ్ మార్చక్కర్లేదు. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, ట్యాపుతో కొత్త మర కోసి, స్టెయిన్‌లెస్ తీగ చుట్ట అయిన హెలికాయిల్ దించితే పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది.

ఇక కూలెంట్ పైపుల ఫిట్టింగులు. చాలా కార్లలో ఇవి గాజుపీచు కలిపిన నైలాన్‌వి. ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి, ముట్టుకుంటే విరుగుతాయి. ఒకటి విరిగితే దాని జోడునీ మార్చడం తెలివైన పని. విరిగిన పెంకులు గొట్టంలో మిగలకుండా ఏరెయ్యాలి. అల్యూమినియం మూతి మీది తెల్లపొర గీతలు పడకుండా తుడవాలి. కొత్త ఓ-రింగుకి నూనె రాయకుండా కూలెంట్‌తోనే తడిపి ఎక్కించాలి. 6 మిల్లీమీటర్ల బోల్టుకి సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దగ్గర బిగింపు చాలు, కచ్చితమైన అంకె కారు మాన్యువల్‌లో ఉంటుంది. నీటి గదిలోకి దిగే బోల్టుకి సీలెంట్ రాయకపోతే మరల వెంట కారుతుంది.

బోరునీళ్లు పొయ్యవద్దు, వాటిలోని సున్నం రేడియేటర్‌లో గారకడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కంపెనీ చెప్పిన రకం కూలెంట్ సగం సగం కలిపి పోసి, హీటర్ తెరిచి, గాలి బుడగలన్నీ పోయేదాకా ఇంజను నడపాలి. దించిన పాత కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యటి విషం. వీధికుక్కలు నాకుతాయి. కాలవలో పారబోయకుండా మూతున్న డబ్బాలో పట్టి, సర్వీసు కేంద్రానికి అప్పగించాలి. మర్నాడు పొద్దున్న ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మూత తీసి మట్టం చూడాలి, తగ్గితే నింపాలి.