తెగకముందే మార్చవలసిన బెల్టు

ఒకప్పుడు ఎడ్లబండ్ల మీదా సైకిళ్ళ మీదా ఆరాధనకు వచ్చిన కుటుంబాలు ఇప్పుడు చిన్న కార్లలో వస్తున్నాయి. వాటిలో చాలా మట్టుకు సెకండ్‌హ్యాండు కార్లే. కష్టార్జితంతో కొన్న కారుకు ప్రార్థన చేయించి ఇంటికి తీసుకొని వెళ్ళడం మంచి అలవాటు. అయితే కొనేటప్పుడు రంగు, టైర్లు, సీట్లు చూస్తాము గాని, ఇంజను పక్కన మూత లోపల దాగివున్న ఒక రబ్బరు బెల్టును గూర్చి అడిగేవారు అరుదు.

దాని పేరు టైమింగ్ బెల్టు. బయటకు కనిపించే ఫ్యాన్ బెల్టు వేరు, ఇది వేరు. పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్‌షాఫ్టును, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టును కలిపేది ఈ పళ్ళ బెల్టే. మొదటిది రెండు చుట్లు తిరిగితే రెండవది ఒక్క చుట్టు తిరగాలి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరచుకొని మూసుకుంటుంది. ఆ లెక్క తప్పకుండా కాపాడేది ఈ బెల్టే.

ఇది తెగితే ఇంజను నడిరోడ్డు మీద ఒక్కసారిగా ఆగిపోతుంది. పవర్ స్టీరింగు ఉన్న కారైతే చక్రం బిగుసుకుంటుంది. రెండు మూడుసార్లు నొక్కిన తరువాత బ్రేకు కూడా గట్టిపడుతుంది. అనేక ఇంజన్లలో తెరచివున్న వాల్వులకు పిస్టన్లు తగిలి అవి వంగిపోతాయి. అప్పుడు హెడ్డు విప్పక తప్పదు. బెల్టు మార్చడానికయ్యే ఖర్చుకు ఇది ఎన్నో రెట్లు. ఇలా ఆగిన బండిని మళ్ళీ మళ్ళీ స్టార్టు చేయవద్దు, తోయించవద్దు. మెకానిక్కును పిలిపించండి.

మరి ఎప్పుడు మార్చాలి? చాలా చిన్న కార్లకు 60,000 నుండి 1,00,000 కిలోమీటర్ల మధ్య, లేదా నాలుగైదేండ్లకు, ఏది ముందు వస్తే అప్పుడు. మీ మోడలుకు సరియైన గడువు కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కారు తక్కువగా తిరిగింది గదా అని ఊరుకోకూడదు. షెడ్డులో వాడకుండా పడివున్న మోటారు పైపు కూడా కొన్నేండ్లకు పగుళ్ళు పడుతుంది. రబ్బరుకు వయస్సే శత్రువు. ఇంజను నూనె కారి బెల్టు మీద పడితే అది ఇంకా త్వరగా పాడవుతుంది.

2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800లోను, 1998లో వచ్చిన శాంత్రోలోను ఉన్నది బెల్టే. ఆల్టో కె10 వంటి కార్లలో ఇనుప గొలుసు ఉంటుంది. దానికి ఇలాంటి గడువు లేదు గాని, నూనె సకాలంలో మార్చాలి. మీ కారులో ఏది ఉన్నదో మెకానిక్కును అడిగి తెలుసుకోండి.

పాత యజమాని బెల్టు మార్చినట్లు బిల్లు చూపిస్తే తేదీని, కిలోమీటర్లను వ్రాసి పెట్టుకోండి. బిల్లు లేకపోతే మాట మీదగాని మీటరు మీదగాని ఆధారపడక, కొన్న వెంటనే మార్పించండి. బేరమాడేటప్పుడే ఆ ఖర్చును లెక్కలో వేసుకోండి. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనరును, నూనె సీళ్ళను కూడా అప్పుడే చూపించండి. మళ్ళీ విప్పే కూలి మిగులుతుంది. కారు అమ్మే విశ్వాసులారా, బెల్టు సంగతి దాచకండి. తప్పుడు త్రాసు దేవునికి హేయమైతే, దాచిన లోపం మాత్రం ఇష్టమవుతుందా?

"ప్రార్థన చేసుకొనే బయలుదేరుతున్నాము గదా" అనేవారున్నారు. ప్రార్థన తప్పక చేయాలి. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవరైనా పడిన తరువాత కట్టమనలేదు, ముందే కట్టమన్నాడు. ఆ గోడ లేక ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటివాని మీదనే ఉంటుంది. మన కారులో కూర్చున్న వృద్ధురాలైన తల్లి, అర్ధరాత్రి ప్రసవానికి తీసుకొని వెళ్ళే కోడలు, వెనుక సీటులో నిద్రపోయే పసిపిల్లలు మన మిద్దె మీద ఉన్నవారే. ఈ బెల్టు సాధారణంగా ముందు చెప్పి తెగదు. కాబట్టి శబ్దం కోసం కనిపెట్టక, గడువు చూచి మార్చండి. అదియు కుటుంబము పట్ల ప్రేమయే.