కనుమ విందు తరువాత మిగిలిన కోడికూర: చల్లార్చడంలోనే భద్రత

సంక్రాంతి రోజులలో కోస్తా జిల్లాల వంటిళ్ళపై అత్యధిక భారం పడేది కనుమ నాడే. ఆ రోజు మినుము తినాలన్న నానుడి ననుసరించి గారెలు, వాటికి తోడుగా నాటుకోడి పులుసు చాలా ఇళ్ళలో తప్పనిసరి. పశువులను పూజించే రోజున మాంసం ముట్టని కుటుంబాలు ఆ వంటను ముక్కనుమకు జరుపుకొంటాయి. ఏ రోజున వండినా, పాతిక ముప్పై మందికి ఒకే గుండిగలో, వచ్చిన బంధువుల ఆకలికి మించి వండడం ఆనవాయితీ. కూర మిగలడాన్ని ఎవరూ తప్పుగా భావించరు. అది ఆ ఇంటి మర్యాద. అయితే మిగిలిన కూర అదే గుండిగలో, మూత పెట్టి, ఆరిన పొయ్యిమీదనే తెల్లవార్లూ ఉండిపోవడం ప్రమాదకరం.

‘ఉదయాన్నే ఒక పొంగు రానిస్తే ఏమీ కాదు’ అన్నది గృహిణుల సాధారణ విశ్వాసం. ఈ విశ్వాసంలో కొంత నిజం ఉంది. విస్తరణ శాస్త్రవేత్తలు దానిని మూఢనమ్మకంగా కొట్టివేయక, అది ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో వివరించడం సమంజసం.

కోడిమాంసంలో సహజంగా కనిపించే క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలను ఏర్పరచుకుంటుంది. ఇవి కూర ఉడికేటప్పటి వేడిని తట్టుకోగలవు. పైగా ఆ వేడి వాటిని మొలకెత్తడానికి ప్రేరేపిస్తుంది. మరుగుతున్న కూర నుంచి ప్రాణవాయువు వెలుపలికి పోతుంది; పైన తేరిన నూనె తిరిగి గాలి సోకకుండా అడ్డుపడుతుంది. గాలి లేని చోటనే పెరిగే ఈ జీవికి ఇంతకన్నా అనువైన స్థలం ఉండదు. 43 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ వద్ద దీని సంఖ్య దాదాపు 10 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. ఒక గ్రాము కూరలో 100 కణాలు ఉన్నాయనుకుంటే, ఈ వేగంతో 140 నిమిషాలలో వాటి సంఖ్య 16 లక్షలు దాటుతుంది. ఇది అత్యంత అనుకూల పరిస్థితులకు వేసిన లెక్క అయినప్పటికీ, మూతపెట్టిన గుండిగ నడిభాగం ఆ పరిస్థితులకు ఎంతో దూరంలో ఉండదు. ఇన్ని కణాలున్నా కూర వాసనలో గాని రుచిలో గాని మార్పు తెలియకపోవచ్చు. కనుక రుచి చూసి నిర్ణయించడం పరీక్ష కాజాలదు.

ఈ జీవి విషయంలో పొంగు రానివ్వడం నిజంగానే ఉపకరిస్తుంది. కూరతోపాటు పెద్దసంఖ్యలో కడుపులోకి చేరిన సజీవ కణాలు పేగులలో విషాన్ని విడుదల చేసినప్పుడే కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. కూర అంతటా 74 డిగ్రీల వేడి చేరితే ఆ కణాలు నశిస్తాయి. చిక్కని కూర అంచున బుడగలు వస్తుండగానే దించివేస్తే మాత్రం నడిమి ముక్కలు గోరువెచ్చగానే మిగిలిపోతాయి.

స్టాఫైలోకాకస్ ఆరియస్ సంగతి వేరు. ఇది వంటవారి చేతుల నుంచి, ముఖ్యంగా చేతిపై పుండ్లున్నప్పుడు, ఆహారంలోకి చేరుతుంది. మిగిలిన ముక్కల నుంచి ఎముకలు తీసి మరునాడు వేపుడుకో పలావుకో సిద్ధం చేసేటప్పుడు ఈ అవకాశం ఎక్కువ. ఇది తన విషాన్ని ఆహారంలోనే తయారుచేస్తుంది. ఆ విషం మరిగించినా నశించదు. బిర్యానీ అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్ కలిగించే వాంతులకు కారణమైన విషమూ అంతే. ఒకసారి ఈ విషాలు ఏర్పడిన తరువాత ఎన్ని పొంగులు వచ్చినా ప్రయోజనం లేదు. కాబట్టి అసలు రక్షణ ఉదయపు పొంగులో కాక, వండిన తరువాతి తొలి గంటలలో ఉంది.

వండిన ఆహారం 60 డిగ్రీల పైన గాని, 5 డిగ్రీలకు లోపు గాని ఉండాలి. చల్లార్చేటప్పుడు 60 నుంచి 21 డిగ్రీలకు 2 గంటలలోను, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో 4 గంటలలోను చేరాలి. చిక్కని కూర చల్లారే కాలం దాని లోతు వర్గానికి దాదాపు అనుపాతంలో ఉంటుంది. లోతు సగమైతే కాలం సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. వెడల్పాటి పళ్ళేలలో 5 సెంటీమీటర్లకు మించకుండా పోయడం, ఆ పళ్ళేలను నీళ్ళ తొట్టిలో నిలిపి శుభ్రమైన గరిటెతో కలుపుతూ ఉండడం ఇంటిలో సాధ్యమైన పద్ధతి. ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. వేడి గిన్నె పెడితే ఫ్రిజ్ పాడవుతుందన్న భయం చిన్న పాత్రల విషయంలో అనవసరం. మొత్తం గుండిగనే లోపలికి నెట్టితే మాత్రం పక్కనున్న పాలు, పెరుగు కూడా వేడెక్కుతాయి. కూరను ఎట్టి పరిస్థితిలోనూ 2 గంటలకు మించి బయట ఉంచరాదు. ఎండకాలపు విందులలో 32 డిగ్రీలు దాటినచోట ఒక గంటే గడువు.

ఇలా నిల్వచేసిన కూరను 3, 4 రోజులలో వాడుకోవాలి. మైనస్ 18 డిగ్రీల వద్ద గడ్డకట్టిస్తే రెండు మూడు నెలలు రుచి చెడదు. కావలసినంత మాత్రమే తీసి పొగలు కక్కేలా వేడిచేయాలి. మొత్తాన్ని పూటపూటా వేడిచేసి చల్లార్చడం సరికాదు. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధుల విషయంలో సందేహమున్న కూరను పారవేయడమే మేలు. విద్యుత్తు పోయినా, తలుపు తెరవకుంటే ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లదనాన్ని నిలుపుకొంటుంది. ఫ్రిజ్ లేని ఇళ్ళకు నిల్వ గురించి చెప్పదగినది తక్కువే: తగుమాత్రంగా వండడం, మిగిలినది వేడిగా ఉండగానే ఇరుగుపొరుగుకు పంచడం.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. అందుచేత పట్నవాసుల తిరుగు ప్రయాణాలు మరునాటికి పడతాయి. అప్పటికే ఒక రాత్రి గడిచిన కూర స్టీలు డబ్బాలో మరో ఎనిమిది పది గంటలు బస్సులో ప్రయాణిస్తుంది. తల్లి ప్రేమతో కట్టి ఇచ్చిన డబ్బాను వద్దనమని చెప్పే సలహాను ఎవరూ పాటించరు. వండిన పూటే చల్లార్చి, గడ్డకట్టించి, మంచుగడ్డలున్న పెట్టెలో పంపమని చెబితే పాటించే అవకాశముంది. గమ్యం చేరేసరికి డబ్బా ఇంకా చల్లగా ఉంటేనే ఆ కూరను ఉంచుకోవాలి.

కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలలో ఈ విషయాన్ని ఉపన్యాసంగా కన్నా ప్రదర్శనగా చూపడం మంచిది. ఒకే కూరను లోతైన గిన్నెలో కొంత, వెడల్పాటి పళ్ళెంలో కొంత పోసి, నడిమధ్య థర్మామీటరు ఉంచి, అరగంటకొకసారి ఉష్ణోగ్రతను మహిళలచేతనే చదివించి నల్లబల్లపై రాయించాలి. రెండు వరుసలకు మధ్య తేడా రెండో గంట ముగిసేలోపే కనిపిస్తుంది.