ఈత కళ్ళద్దములు: ఎన్నిక, సంరక్షణ

ఇంద్రియములన్నింటిలో నయనమే ప్రధానమని మన పెద్దలు చెప్పుదురు. నేలపై నడచువానికి ఈ మాట ఎంత సత్యమో, నీటిలో ఈదువానికి అంతకు రెట్టింపు సత్యము. ఈతకొలనులో అడుగున గీచిన నల్లని గీత దారి చూపును. అలసినచో పట్టుకొనుటకు గట్టు సమీపముననే యుండును. సముద్రమునందు గాని, నదియందు గాని, పెద్ద చెరువునందు గాని ఆ గీతయు లేదు, ఆ గట్టును లేదు. దరి ఎక్కడ నున్నదో, తోడు వచ్చు పడవ ఏ దిక్కున నున్నదో, ఎదుట కనబడునది అలయో, కొట్టుకొనివచ్చు దుంగయో, జాలరుల వలత్రాడో తెలిసికొనుటకు కన్నులే ఆధారము. ఆ కన్నులకు నీటిలో కావలి కాయునవి ఈత కళ్ళద్దములు. బజారులో వీనిని గాగుల్సు అందురు. చిన్న వస్తువే యైనను దీనిని ఎన్నుకొనుటయందును, కాపాడుకొనుటయందును తెలియవలసిన సంగతులు పెక్కు కలవు. వానిని తోటి విద్యార్థులకు సులభముగా తెలుపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశ్యము.

నీటిలో చూపు ఏల మసకబారును?

నీటిలో మునిగి కన్నులు తెరచినచో సమస్తమును మంచులో వలె మసకగా కనబడును. దీనికి కారణము కంటి దోషము కాదు, కాంతి స్వభావము. కాంతి ఒక యానకమునుండి వేరొక యానకమునకు పోవునపుడు వంగును. బస్రా నగరమున జన్మించిన ఇబ్నుల్ హైసమ్ 11వ శతాబ్దియందు రచించిన ‘కితాబుల్ మనాజిర్’ అను గ్రంథమున ఈ వక్రీభవనమును గూర్చి విపులముగా చర్చించెను. గాలి యొక్క వక్రీభవన గుణకము ఇంచుమించు 1.00, నీటిది 1.33, కంటి ముందుభాగమున గాజువలె పారదర్శకమైన కార్నియాది సుమారు 1.38. గాలినుండి కార్నియాలోనికి వచ్చు కిరణములు ఈ భేదము వలన బాగుగా వంగి కంటి లోపలి తెరపై స్పష్టమైన ప్రతిబింబము నేర్పరచును. కంటికి గల మొత్తము కేంద్రీకరణ శక్తి దాదాపు 60 డయాప్టర్లు కాగా, అందు మూడింట రెండు వంతులు ఈ కార్నియా వలననే లభించుచున్నది. నీటికిని, కార్నియాకును గుణకములందు భేదము స్వల్పము గనుక, నీటిలో ఆ శక్తి చాలవరకు నశించును. కంటిలోని కటకమొక్కటే ఆ లోటును పూరింపజాలదు.

ఈత కళ్ళద్దములు చేయు పని ఒక్కటే: కంటికి ముందు కొంచెము గాలిని నిలిపి యుంచుట. ఆ గాలిపొర యున్నంతవరకు కార్నియా తన పూర్వశక్తితో పనిచేయును. అయితే నీటినుండి అద్దము ద్వారా గాలిలోనికి కాంతి వచ్చునపుడు మరల వంగుటచే, నీటి లోపలి వస్తువులు వాస్తవ దూరములో నాలుగింట మూడు వంతుల దూరముననే యున్నట్లు తోచును. నీటిలో క్రొత్తగా కళ్ళద్దములు ధరించినవారు రాయిని గాని, త్రాటిని గాని అందుకొనబోయి వట్టిచేయి మూయుట ఇందువలననే.

కొంత చరిత్ర

మన హైదరాబాదు వారికి బస్రా ముత్యముల పేరు సుపరిచితము. ఆ ముత్యములు లభించు పారశీక సింధుశాఖయందలి గజ ఈతగాండ్రు తాబేటిచిప్పతో చేసిన ముఖాచ్ఛాదనమును, ముక్కునకు అదే చిప్పతో చేసిన పట్టునమును ధరించి మునుగుచుండిరని 14వ శతాబ్దియందు ఇబ్ను బతూతా తన యాత్రాచరిత్రలో తెలిపెను. ఆధునిక కాలమున ఇంగ్లీషు ఛానలును 1875లో మాథ్యూ వెబ్ మొట్టమొదట ఈదెను. అతని తరువాత 1911లో విజయము సాధించిన థామస్ బర్జెస్ మోటారు సైకిలువారు ధరించు కళ్ళద్దములను వాడెను. 1926 ఆగస్టు 6వ తేదీన ఛానలు దాటిన ప్రథమ మహిళ గర్ట్రూడ్ ఎడెర్లీ, నీరు చొరకుండుటకు తన కళ్ళద్దముల అంచులకు మైనము పూసికొనెను. ముఖమును నీటిలో నుంచి ఈదు ‘క్రాల్’ పద్ధతి వ్యాప్తి చెందినకొలది ఈ సాధనము అవసరము హెచ్చినది. మనదేశమునకు చెందిన మిహిర్ సేన్ 1958లోను, ఆరతీ సాహా 1959లోను అదే ఛానలును దాటిరి. 2021లో హైదరాబాదు నివాసిని గోలి శ్యామల పాక్ జలసంధిని ఈది దాటిరి. అట్టి సాహసములయందు ఉప్పునీటితోను, ఎండతోను కన్నులు గంటలకొలది పోరాడవలసి యుండును.

ఎన్నుకొను విధము

మొదట చూడవలసినది ధర కాదు, రంగు కాదు, ముఖమునకు అమరుట. అంగడిలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. పట్టీని తలకు తగిలింపక, రెండు గిన్నెలను కన్నులపై నుంచి మృదువుగా నొక్కి చేతులు తీసివేయవలెను. కొన్ని క్షణములపాటు అవి తమంతట తామే అంటి యున్నచో మన ముఖాకృతికి తగినవని గ్రహింపవలెను. వెంటనే జారిపడినచో, పట్టీని ఎంత బిగించినను అందు నీరు చొరక మానదు. నీరు చొచ్చుట బిగింపు చాలక కాదు, ఆకృతి కుదరక యని పలువురు ఎరుగరు. అతిగా బిగించినచో అంచు మడతపడి నీరు మరింత వచ్చును. తలనొప్పియు, కన్నుల చుట్టు నల్లని గుర్తులును మిగులును. ముక్కు దూలముపైని వంతెన ఇరుకైనచో లోపలి మూలలయందును, వెడల్పైనచో వెలుపలి మూలలయందును సందు ఏర్పడును. కనుక వంతెనను మార్చుకొనుటకు వీలున్నవి మేలు.

కొలనులో పందెములకు వాడు మిక్కిలి చిన్న గిన్నెలు, మెత్తని అంచు లేని రకములు బహిరంగ జలములకు అంతగా తగవు. గంటసేపు ఈదువానికి మెత్తని సిలికోను అంచు, కంటిగూటి ఎముకపై ఆనునంతటి విశాలమైన చట్రము సుఖముగా నుండును. చట్రము విశాలమైనకొలది ప్రక్కచూపు పెరుగును. తల ఎత్తి దరిని గుర్తించుట తేలిక యగును.

ఇక అద్దము రంగు. తెల్లవారకముందును, మబ్బు పట్టిన దినములందును రంగు లేనివి గాని, లేత పసుపు లేక నారింజ రంగువి గాని మంచివి. ఎండ తీవ్రముగా నున్నపుడు పొగరంగువి, అద్దమువలె మెరయు పూత గలవి తగును. నీటిపై ఏటవాలుగా పడి పరావర్తనము చెందు వెలుగు చాలవరకు అడ్డముగా ధ్రువణము చెంది యుండును. ఆ వెలుగును అడ్డగించు పోలరైజ్డు అద్దములు నీటిపై తళుకును తగ్గించి దూరపు గుర్తులను స్పష్టపరచును. మన తూర్పుతీరమున సూర్యుడు సముద్రమునుండియే ఉదయించును. విశాఖపట్నమున ఉదయము లోనికి ఈదునపుడు ఎండ కన్నులకు సూటిగా తగులును. తిరిగి వచ్చునపుడు అదే ఎండ వీపునకు వచ్చి, డాల్ఫిన్స్ నోస్ కొండ వంటి గుర్తులు తేటగా కనబడును. కావున ఒకే రంగు అద్దము అన్ని వేళలకును చాలునని తలచుట పొరపాటు. రెండు జతలు కలిగియుండుట ఉత్తమము. ఈతకు మధ్య ఒక పట్టీ తెగినచో రెండవది ఆదుకొనును.

నల్లని అద్దమెల్ల అతినీలలోహిత కిరణములను ఆపునని నమ్మరాదు. రంగు వేరు, రక్షణ వేరు. రక్షణ లేని నల్ల అద్దము వెనుక కంటిపాప విప్పారి, హానికర కిరణములకు మరింత చోటిచ్చును. కావున ఆ రక్షణ కలదని అట్టపై స్పష్టముగా వ్రాసియున్న వానినే కొనవలెను.

దృష్టిదోషము గలవారు మామూలుగా వాడు ఐనకును నీటిలో ధరింపజాలరు. కాంటాక్టు లెన్సులు పెట్టుకొని నదిలోను, సముద్రములోను ఈదుట మిక్కిలి అపాయకరము. నీటియందుండు అకాంతమీబా అను సూక్ష్మజీవి లెన్సునకును కార్నియాకును నడుమ చేరినచో చూపునే హరించగల వ్యాధి కలుగవచ్చును. పవరు గల ఈత కళ్ళద్దములు నేడు దొరకుచున్నవి గనుక అట్టివారు వానినే ఆశ్రయించుట క్షేమము. గ్లాకోమా గలవారును, కంటికి శస్త్రచికిత్స జరిగినవారును వైద్యుని అడిగిన పిమ్మటనే కళ్ళద్దములు ధరింపవలెను. ఏలయనగా చిన్న గిన్నెల ఒత్తిడి కంటిలోపలి పీడనమును కొంత పెంచును.

ధరించుటలో జాగ్రత్తలు

ముందుగా గిన్నెలను కన్నులపై అమర్చి, పిదప పట్టీని తల వెనుకకు లాగవలెను. తీయునపుడు వెనుకనుండి పట్టీని పైకెత్తి తీయవలెను. గిన్నెలను ముందుకు లాగి నుదుటిపైకి జరుపుట చాలమందికి అలవాటు. తడిచేతినుండి జారినచో అవి గులేరు రాతివలె వెనుకకు వచ్చి కంటికి తగులును. ఇట్లు కన్నులు దెబ్బతిన్న ఉదంతములు వైద్యగ్రంథములయందు కలవు. హాస్యమునకైనను తోటివాని కళ్ళద్దములను లాగి వదలరాదు.

వీనిని ధరించి లోతునకు మునుగరాదు. 10 మీటర్ల లోతున పీడనము ఉపరితలముపై నున్నదానికి రెట్టింపగును. మునుగువారి ముసుగు ముక్కును గూడ కప్పును గనుక, వారు ముక్కుతో గాలి వదలి లోపలి పీడనమును సరిచేసికొందురు. ఈత కళ్ళద్దములలో ఆ వీలు లేదు. లోనిగాలి కుంచించుకొని కంటి రక్తనాళములు చిట్లవచ్చును.

సంరక్షణ

లోపల ఆవిరి పట్టుట అందరి ఫిర్యాదు. ముఖపు వేడికి లోనిగాలి తేమ నింపుకొని, చల్లని అద్దముపై సన్నని బిందువులుగా మారుటయే దీనికి కారణము. క్రొత్త అద్దమునకు లోపల నుండు పూత ఆ బిందువులను విడిగా నిలువనీయక పలుచని నీటిపొరగా పరచును. ఆ పూతను వ్రేలితో గాని, తువాలుతో గాని రుద్దినచో అది చెరిగిపోవును. లోపలి భాగమును ఎన్నడును తాకకుండుటయే ప్రథమ నియమము. పూత పోయిన పిదప పసిపిల్లల షాంపూ ఒక బొట్టును నీటిలో కలిపి లోపల పూసి, బాగుగా కడిగి వాడుకొనవచ్చును. నీటిలో దిగగానే ముఖమును, అద్దములను చల్లని నీటిలో కొంతసేపు ఉంచినను ఆవిరి తగ్గును.

ఉప్పునీటిలో వాడిన వెంటనే మంచినీటితో కడుగవలెను. లేనిచో ఎండిన ఉప్పుపలుకులును, ఇసుకయు అద్దమును గీచును. వేడినీరు, సబ్బుపొడి, స్పిరిటు పనికిరావు. నీటిని విదిలించి, నీడయందు ఆరనిచ్చి, మెత్తని సంచిలో గాని, డబ్బాలో గాని ఉంచవలెను. ఎండలో నిలిపిన కారులో వదలినచో రబ్బరు పెళుసెక్కును, చట్రము వంగును. ఎండకు పూసికొను లేపనముల జిడ్డు అద్దమునకు అంటినచో మసక యేర్పడును. కనుక లేపనము రాచుకొనిన చేతులను కడిగికొనిన పిదపనే కళ్ళద్దములు ముట్టవలెను. పట్టీయందు చిన్న పగులు కనబడినను దానిని మార్చవలెను. పట్టీలు విడిగాను లభించును. ఒకరి కళ్ళద్దములను మరియొకరు వాడరాదు. కండ్లకలక ఈ మార్గమున గూడ ప్రాకవచ్చును.

కడపటి మాట

మంచి కళ్ళద్దములు చూపునిచ్చునే గాని ప్రాణరక్షణ నీయజాలవు. సముద్రపు లాగుడు ప్రవాహమును అవి ఆపలేవు. వరదనీటి బురదలో ఎంతటి అద్దమైనను గుడ్డిదే. ఒంటరిగా దిగకుండుట, తీరమెరిగిన జాలరిని గాని, శిక్షకుని గాని ముందుగా అడుగుట, ఈదునపుడు కొన్ని బారలకొకసారి తల ఎత్తి దరిని సరిచూచుకొనుట వీనికి ప్రత్యామ్నాయము లేదు. దరి కనబడుచున్నంతవరకు ఈతగానికి ధైర్యముండును; ధైర్యముండిన శ్వాస నిలకడగా సాగును. పదునైన చూపు గల యువకులు, యువతులు ఆ చూపును వృద్ధాప్యమువరకు నిలుపుకొనవలెనన్నచో, ఈత నేర్చిన దినముననే దాని రక్షణను గూడ నేర్చుకొనవలెనని మా విన్నపము.