పురిటి మైల అంటిన దేవుడు

నాలుగు సువార్తల్లోకీ పాతదని ఎక్కువమంది పండితులు చెప్పే మార్కు సువార్తలో క్రిస్మస్ లేదు. పశువుల తొట్టె లేదు, నక్షత్రం లేదు, తూర్పుదేశపు జ్ఞానులు లేరు. పెద్దవాడైన యేసు బాప్తిస్మం కోసం యొర్దాను నదికి రావడంతో కథ మొదలవుతుంది. యోహాను సువార్త సృష్టికి ముందునుంచి ఎత్తుకుంటుంది గానీ బేత్లెహేములో జరిగిన పురుడు ఊసెత్తదు. ఇక పౌలు తన ఉత్తరాల్లో ఆ పుట్టుక గురించి చెప్పింది ఒకటి రెండు ముక్కలే: ఒక స్త్రీ కడుపున పుట్టాడు, దావీదు వంశంలో పుట్టాడు. మన ఊళ్లలో డిసెంబరు రాగానే పిల్లలు వేసే నాటికకు కావలసిన సరంజామా అంతా మత్తయి, లూకాలు ఇచ్చిందే.

తొలితరం క్రైస్తవుల పండుగ ఈస్టరు. సిలువ మీద చనిపోయినవాడు తిరిగి లేచాడన్నదే వాళ్ల వార్త. పుట్టినరోజులంటే కొందరికి గిట్టేది కూడా కాదు. బైబిల్లో పుట్టినరోజు చేసుకున్నది ఫరో, హేరోదు లాంటివాళ్లే, ఆ రెండు వేడుకల్లోనూ ఎవరో ఒకరి ప్రాణం పోయిందని మూడో శతాబ్దంలో ఒరిగెన్ అనే పండితుడు ఎత్తిపొడిచాడు. డిసెంబరు 25 తేదీ మనకు స్పష్టంగా దొరికేది రోములో క్రీ.శ. 354లో తయారైన ఒక పంచాంగంలో. అది సూర్యుడి పండుగ మీద కప్పిన తేదీ అని కొందరు, మార్చి 25న గర్భం దాల్చిందని లెక్కగట్టి తొమ్మిది నెలలు కలిపిన తేదీ అని కొందరు వాదిస్తారు. ఈ తగాదా తేలినా తేలకపోయినా పండుగ అర్థానికి వచ్చే నష్టం లేదు. ఆర్మేనియా చర్చి ఈనాటికీ జనవరి 6నే చేసుకుంటోంది.

మరి పుట్టుక ఎందుకంత ముఖ్యమైంది? చనిపోయి లేచినవాడు అసలు ఎవరన్న ప్రశ్న పట్టుకుని క్రైస్తవులు వెనక్కి నడుస్తూ పోయి ఆ తొట్టె దగ్గర తేలారు. చనిపోయింది ఒక మంచి మనిషి మాత్రమే అయితే లోకంలో అలాంటి చావులు చాలా ఉన్నాయి. మనిషి వేషంలో వచ్చిన దేవుడే అయితే ఆ చావు నటన. సిలువ నిజం కావాలంటే అక్కడ ఉన్నవాడు నిజంగా దేవుడూ కావాలి, నిజంగా మనిషీ కావాలి. ఆ మనిషితనం ఎక్కడ మొదలైందని అడిగితే జవాబు ఒక తల్లి కడుపులో.

కష్టమంతా ఇక్కడే వచ్చింది. కన్యక గర్భం దాల్చడం, ఆకాశంలో నక్షత్రం కనబడడం ఆ కాలపు మనసుకు మింగుడు పడనివేమీ కావు. మింగుడు పడనిది పురుడు. రక్తం, మావి, పొత్తిగుడ్డలు, పాలు కక్కడం. వీటిలో దేవుణ్ణి ఊహించుకోవడం భక్తిపరులకే ఎక్కువ ఎబ్బెట్టుగా తోచింది. ఆయన శరీరం ఒక భ్రమ మాత్రమేననీ, ఆయనకు నిజంగా ఆకలీ నొప్పీ లేవనీ చెప్పినవాళ్లు మొదటి శతాబ్దం దాటకముందే తయారయ్యారు. నీళ్లు గొట్టంలోంచి జారిపోయినట్టు ఆయన మరియ లోంచి దిగాడనీ, ఆమె శరీరంలోంచి ఏమీ తీసుకోలేదనీ వాలెంటీనస్ అనే గురువు శిష్యులు చెప్పేవారట. నల్లసముద్రం ఒడ్డునుంచి వచ్చిన మార్షియన్ మరీ ముందుకు పోయాడు. లూకా సువార్తలోంచి పుట్టుక ఘట్టాన్నే ఎత్తేశాడు. అతని ప్రతిలో యేసు బాల్యమంటూ లేకుండా నేరుగా కపెర్నహూముకు దిగివస్తాడు. క్రీ.శ. 144లో రోము సంఘం అతన్ని వెలివేసింది.

మార్షియన్ మీద కార్తేజి రచయిత టెర్టూలియన్ రాసిన జవాబు సున్నితమైన పాఠకులకు పనికిరాదు. గర్భంలోని మురికినంతా పేరుపేరునా చెప్పి, నువ్వు అసహ్యించుకుంటున్న ఇదే మనిషి పుట్టుక, ఈ మనిషినే క్రీస్తు ప్రేమించాడు, మనిషిని ప్రేమిస్తే మనిషి పుట్టిన తీరునూ ప్రేమించినట్టే అన్న వరుసలో వాదిస్తాడు. క్రిస్మస్ మీద వచ్చిన ఎన్నో మధురమైన ప్రసంగాలకంటే ఈ మొరటు వాదనే నాకు విషయానికి దగ్గరగా అనిపిస్తుంది.

లూకా కూడా ఈ మురికిని దాచలేదు. యూదుల ధర్మశాస్త్రంలోనూ మనకు మల్లే పురిటి మైల ఉంది. మగబిడ్డ పుడితే తల్లికి శుద్ధి నలభై రోజులకు. ఆ గడువు తీరాక మరియ, యోసేపు బిడ్డను తీసుకుని యెరూషలేము దేవాలయానికి వెళ్లి పక్షుల జత అర్పించారని లూకా రాస్తాడు. చదివేవాళ్లు సాధారణంగా దాటిపోయే ఈ చిన్న వాక్యంలో రెండు సంగతులున్నాయి. ధర్మశాస్త్రం అడిగింది గొర్రెపిల్లను. గొర్రెపిల్లను తెచ్చే తాహతు లేనివాళ్లకే గువ్వల సడలింపు. అంటే ఆ ఇంటి పేదరికం అక్కడ నమోదైంది. రెండోది ఇంకా విచిత్రం: ఏ దేవుడి గుడికి మైల తీరితే గానీ రాకూడదో, ఆ దేవుడే ఆ మైలకు కారణమైన బిడ్డగా తల్లి చేతుల్లో ఉన్నాడని కథ చెబుతోంది.

మత్తయి ఇదే పనిని ఇంకో దారిలో చేశాడు. చర్చిలో చదువుతుంటే అందరికీ ఆవులింతలు తెప్పించే ఆ వంశావళిలో, తండ్రుల పేర్ల మధ్య, మరియ కంటే ముందు నలుగురు ఆడవాళ్లను ఇరికించాడు. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. మామగారి వల్ల కన్నది ఒకామె, వేశ్య ఒకామె, పరాయి జాతి విధవ ఒకామె, రాజు చెరపట్టినది ఒకామె. గొప్పలు చెప్పుకోవడానికి రాసే వంశవృక్షంలో ఎవరూ చేర్చని పేర్లివి.

నాలుగో శతాబ్దానికి తగవు రెండో వైపుకు తిరిగింది. అలెగ్జాండ్రియాలో ఏరియస్ అనే బోధకుడు దేవుడి ఘనతను కాపాడాలనే బయల్దేరాడు. దేవుడు మారడు, బాధపడడు. కాబట్టి పుట్టి బాధపడినవాడు సాక్షాత్తు దేవుడు కాలేడు, దేవుడు అందరికంటే ముందు సృష్టించిన మహోన్నతుడై ఉండాలి అన్నాడు. 325లో నైసియాలో, ఇప్పటి టర్కీలో, చక్రవర్తి కాన్‌స్టంటైన్ పిలిపించిన బిషప్పులు కాదన్నారు. కుమారుడు తండ్రితో ఏకతత్త్వం గలవాడని రాసుకున్నారు. ఆ తీర్పు కోసం జీవితాంతం పోట్లాడిన అథనేసియస్ ఐదుసార్లు దేశాంతరం పోవలసి వచ్చింది. ఆయన పట్టుదల వెనక ఉన్న లెక్క చాలా సూటిగా ఉంటుంది. సృష్టిలో ఒకడు ఎంత గొప్పవాడైనా సృష్టిని చావునుంచి లేపలేడు. మనిషిలోకి దేవుడే రాకపోతే మనిషికి దేవుడి జీవం అందదు.

సరే, దేవుడే అన్నారు. అయితే ఆ దేహంలో మనిషి మనసు కూడా ఉండేదా? లవొదికయ బిషప్పు అపొల్లినారిస్, నైసియా పక్షం వాడే, అక్కడ జంకాడు. మనిషి మనసు తడబడుతుంది, తప్పు చేస్తుంది. ఆ స్థానంలో దేవుని వాక్కే ఉండి ఉంటుందన్నాడు. నజియాంజస్‌కు చెందిన గ్రెగరీ దానికిచ్చిన జవాబు సారం ఇది: దేవుడు దేన్ని తనలోకి తీసుకోలేదో అది బాగుపడకుండా మిగిలిపోతుంది, మనిషిలో మొదట జబ్బు చేసింది మనసుకే, దాన్నే వదిలేస్తే ఏం లాభం? ఈ ఒక్క వాదంతో చాలా సంగతులు వరసలో పడతాయి. బాల యేసు జ్ఞానంలో ఎదిగాడని లూకా రాయడం, అంత్యదినం ఎప్పుడో తనకు తెలియదని మార్కు సువార్తలో యేసే చెప్పడం లాంటివి దాచుకోవలసిన లోపాలు కాకుండా పోతాయి. తల్లి దగ్గర మాటలు నేర్చుకున్నవాడు, యోసేపు దగ్గర పని నేర్చుకున్నవాడు.

451లో చాల్సిడన్ సభ చివరికి నాలుగు కంచెలు నాటింది. దైవత్వం, మానవత్వం ఆ ఒక్కడిలో కలగాపులగం కాలేదు, మారిపోలేదు, చీలిపోలేదు, విడిపోలేదు. ఎలా కలిశాయో మాత్రం చెప్పలేదు. దీన్ని తప్పించుకోవడం అనేవాళ్లున్నారు గానీ, తెలియనిచోట గీత గీసి ఆగడం నిజాయితీ అనే నా లెక్క. ఆ మాటల దగ్గరే ఈజిప్టు, సిరియా, ఆర్మేనియా, ఇథియోపియా సంఘాలు వేరుపడ్డాయి. కేరళలోని మలంకర ఆర్థడాక్స్ సంఘం ఆ వేరుపడిన వైపుదే.

ఇంతవరకు చదివిన తెలుగు పాఠకుడికి ఇది అవతారమే కదా అనిపించడం సహజం. పోలిక ఉంది, తేడా కూడా ఉంది. భాగవతంలో చెరసాలలో పుట్టిన కృష్ణుడు మొదట శంఖచక్రాలతో, నాలుగు చేతులతో దేవకీ వసుదేవులకు కనబడి, వాళ్లు గుర్తుపట్టాకే పసివాడవుతాడు. వైష్ణవ సంప్రదాయాలు ఆ దేహాన్ని మన మాంసం లాంటిది కాని దివ్యదేహంగా భావిస్తాయి. బేత్లెహేములో అలాంటి దర్శనం తల్లిదండ్రులకు లేదు. గొర్రెల కాపరులకు దేవదూత చెప్పిన ఆనవాలు పొత్తిగుడ్డలు, పశువుల తొట్టె. యుగయుగానికీ రావడమన్న ఆలోచనా లేదు, వచ్చింది ఒక్కసారే. పని ముగిశాక దేహం విడిచేదీ లేదు. మేకుల గాయాలున్న ఆ శరీరంతోనే లేచాడు, ఆ శరీరంతోనే ఆరోహణమయ్యాడు అంటారు. క్రైస్తవ విశ్వాసం ప్రకారం దేవుడు ఇప్పటికీ మనిషే.

తూర్పు చర్చిల చిత్రకారులు ఇదంతా పలకల మీదకు ఎక్కించారు. వాళ్ల క్రీస్తు జనన చిత్రంలో మరియ మోకరించి ఉండదు, పురుడు పోసుకున్న మనిషిలా పడుకుని ఉంటుంది. కింద ఒక మూల మంత్రసానులు బిడ్డకు నీళ్లు పోస్తుంటారు. ఇంకో మూల యోసేపు దిగులుగా కూర్చుని ఉంటాడు. పొత్తిగుడ్డలు శవానికి చుట్టే గుడ్డల్లా, తొట్టె రాతి సమాధిలా ఉంటాయి. ఎద్దు, గాడిద కూడా ఉంటాయి. అవి సువార్తల్లోవి కావు, యెషయా ప్రవచనంలోంచి వచ్చినవి. పశ్చిమంలో 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో ఫ్రాన్సిస్ అస్సీసి నిజమైన ఎండుగడ్డి, ఎద్దు, గాడిదలను తెచ్చి పూజ చేయించాడు. మన చర్చిల ముందు వేసే పశువుల పాకకు మూలం అదే. పాశ్చాత్య చర్చి క్యాలెండరు ఇంకా నిర్మొహమాటి. డిసెంబరు 26న రాళ్లతో కొట్టి చంపిన స్తెఫను, 28న హేరోదు చంపించిన పసిపిల్లలు, సంప్రదాయంగా జనవరి 1న ఎనిమిదో రోజు సున్నతి.

దేవుడు దాసుడి రూపం దాల్చాడన్న పౌలు మాట తెలుగు నేల మీద సిద్ధాంతంగా కంటే వార్తగా వినబడింది. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించాడు. కూటి కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తిరిగి మొదలయ్యాక, 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఊరిబావి దగ్గరికి రానివ్వని మనుషులు. పుట్టుకతోనే మైల అని ముద్రపడినవాళ్లకు, పుట్టి మైలపడిన దేవుడి సంగతి మార్షియన్‌కు తోచినంత అసహ్యంగా తోచలేదు. ఆ దేవుడి కథనే కవి గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’గా రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

అసహ్యం మాత్రం చర్చిల్లోంచి పూర్తిగా పోలేదు. డిసెంబరు 24 రాత్రి క్యారల్స్ పాడుతూ వాడవాడా తిరిగిన కుటుంబాలే పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి ముందు కులం అడుగుతున్నాయి.