ఆవిరి పట్టికలో లేని అంకె

నిజాంసాగర్ నీటితో వరి పండే బాన్సువాడ వంటి ప్రాంతాల ఉప్పుడు బియ్యం మిల్లుల్లో, నానిన వడ్లను ఉడికించేది బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి కాబట్టి, దాని ఉష్ణోగ్రతను, అది మోసే ఉష్ణాన్ని తెలిపే ఆవిరి పట్టికలు ఇంజనీర్లకు పంచాంగం వంటివి. ఫ్రాన్స్ శాస్త్రవేత్త రెన్యో 1847లో ప్రచురించిన కొలతలు వీటికి తొలి పునాదుల్లో ఒకటి.

సంతృప్త ఆవిరికి, అంటే మరిగే నీటితో సమతౌల్యంలో ఉన్న ఆవిరికి, పీడనం తెలిస్తే ఉష్ణోగ్రత తెలిసినట్లే: 5 బార్ల వద్ద 151.83, 6 బార్ల వద్ద 158.83 డిగ్రీల సెల్సియస్. పట్టికలో 5.5 బార్ల వరుస లేనప్పుడు, ఈ రెండు విలువల మధ్య మార్పు సరళరేఖలో సాగుతుందని భావించి నడిమి విలువను లెక్కగట్టే పద్ధతే అంతర్వేశనం. దాని ప్రకారం 155.33 డిగ్రీలు వస్తుంది. అసలు రేఖ కాస్త వంగి ఉండటం వల్ల నిజ విలువ 155.46, మిల్లు పనికి ఈ తేడా లెక్కలోనిది కాదు.

అసలు పొరపాటు వేరొకచోట జరుగుతుంది. బాయిలర్ మీటరు వాతావరణ పీడనానికి పైన ఉన్నదే చూపుతుంది గనుక, మీటరులో 4.5 కనిపిస్తే దానికి సుమారు ఒక బార్ కలిపి పట్టిక చూడాలి. కలపకపోతే ఏడు డిగ్రీలకు పైగా తప్పు వస్తుంది.