లెక్కకు అందని విశ్వాసం

నల్లమలలో పుట్టి కంభం, మార్కాపురం ప్రాంతాల మీదుగా సముద్రం వైపు సాగే గుండ్లకమ్మ నదిలో, ఒంగోలు సమీపాన వెల్లంపల్లి వద్ద, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం, అంటే క్రైస్తవ సంఘంలో చేర్చుకొనే జలసంస్కారం, పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. వారు కూటికోసం మతం మారారనడం అన్యాయం. ఎందుకంటే 1876-78 నాటి కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో పని కల్పించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆ ఆశతో ఎవరూ రాకూడదనే బాప్తిస్మాలను నెలల తరబడి నిలిపివేశాడు. పైగా 1866లోనే బాప్తిస్మం పొందిన తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి బోధించగా, ఆ విశ్వాసం బంధుత్వాల దారిలోనే పల్లెలకు చేరింది.

అయితే జనగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1971లో 4 శాతానికి పైగా ఉన్న క్రైస్తవులు, 2011 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో 1.3 శాతానికి తగ్గారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనగణనలో క్రైస్తవుల వాటా 46.2 శాతానికి పడిపోయినప్పుడు, ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతానికి పెరిగారు. ఇక్కడి తగ్గుదల అటువంటిది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకు, తరువాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే పరిమితం చేయడంతో, క్రైస్తవులుగా నమోదైన దళితులు 1 శాతం రిజర్వేషన్ గల బీసీ-సి వర్గంలోకి వెళ్తారు. అందువల్ల ఆదివారం ప్రార్థనకు వెళ్లే కుటుంబాలెన్నో కాగితంపై హిందువులుగానే మిగులుతున్నాయి.