వ్రేలికొన తెలిపెడి గరుకుదనము

హైదరాబాదునకు ఉత్తరముననున్న దుండిగల్ అనగానే నేడు పలువురకు వైమానికదళ అకాడమీ జ్ఞప్తికి వచ్చును. మాకు మాత్రము ముందుగా ఆ ప్రాంతపు రాయి తలపునకు వచ్చినది. దాదాపు 250 కోట్ల సంవత్సరముల నాటి ఈ గ్రానైటువంటి రాతితోనే మన రోళ్లను, విసుర్రాళ్లను చెక్కుచుండెడివారు. అరగని పలుగురాతి పలుకులును, వేగముగ అరుగు అభ్రకపు రేకులును కలిసియుండుటచే ఇది చాలకాలము గరుకు విడువదు. ఐనను ఏండ్లు గడచుకొలది నునుపెక్కును, పప్పు నలుగదు. గంట్లు కొట్టించు అదను వచ్చినదో లేదో ఇల్లాలు కంటితో గాక వ్రేళ్లతో నిమిరి తేల్చును.

నిమురుటయే యెందుకు? ఒత్తి చూచిన చాలదా?

సోదరీమణులు వంటయింట పరీక్షింపవచ్చును. రవ్వపై వ్రేలు కదలక ఆనించినను పలుకు తెలియును. మైదాపిండికిని మెత్తని బియ్యపుపిండికిని గల భేదము వ్రేళ్ల నడుమ రాచినగాని తెలియదు. ముతక గరుకును, సన్నని గరుకును మనము వేర్వేరు రీతుల గ్రహింతుమని జర్మను మనస్తత్త్వవేత్త డేవిడ్ కాట్జ్ 1925లో వ్రాసెను. పిమ్మటి పరిశోధకులు దానిని బలపరచిరి. మిల్లీమీటరులో పదవవంతునకు మించిన పలుకులు చర్మమును అక్కడక్కడ నొక్కును. పైపొర క్రిందనున్న నాడీకొనలు ఆ ఒత్తిడుల హెచ్చుతగ్గులను మెదడునకు తెలుపును. అంతకంటె సన్ననివి వ్రేలు కదలినపుడు చర్మమును వణికించును. ఆ వణకును పట్టుటకు చర్మము లోతున ఉల్లివలె పొరలుగల చిన్న గుళికలున్నవి. ఇటలీ శాస్త్రజ్ఞుడు పాచిని పేరు వానికి కలిగినది.

పాయసము అడుగంటుచున్నదని గరిటె పట్టిన చేయి చెప్పుటయు ఇట్టిదే. వ్రేలు గిన్నె అడుగును తాకలేదు. కాడ వెంట వచ్చిన వణకునే చేయి చదివినది. ఇది చదువులేని నేర్పని తేలికపరచువారిని మేమెరుగుదుము. వారు ఒకసారి గరిటె పట్టి చూడవలెను!

కెనడాలోని మెక్‌మాస్టరు విశ్వవిద్యాలయమువారు 2009లో నూరుగురు విద్యార్థుల వ్రేళ్లను సన్నని గాళ్లతో పరీక్షించిరి. స్త్రీలే సగటున నిశితముగ గుర్తించిరి. కారణము వ్రేలికొన చిన్నదగుటయే. చిన్న వ్రేళ్లుగల పురుషులును అట్లే గుర్తించిరి.

ఇంత సున్నితమైన జ్ఞానము చప్పుడు లేక పోవుటయు కలదు. మధుమేహము చిరకాలము అదుపు తప్పినచో నరములు దెబ్బతినును; సాధారణముగ పాదములే ముందుగా మొద్దుబారును. అట్టివారు వేసవిలో దుండిగల్ రాతినేలపై చెప్పులు లేక నడచినచో కాలిన సంగతియు తెలియకపోవచ్చును. చిన్న బొబ్బ పుండై, తుదకు కాలు తీయవలసి వచ్చిన వారు కలరు. ఇంటనందరి ఆరోగ్యము విచారించు ఇల్లాలు తన అరికాలు చూచుకొనుట అరుదు. మధుమేహము గలవారు ప్రతిదినము పాదములను చూచుకొనవలెను. అడుగు కనబడనిచో అద్దము పెట్టుకొనవలెను. స్నానపు నీటివేడిని పాదముతో గాక మోచేతితో తెలిసికొనవలెను. నొప్పి లేదు గదా యని పుండును విడువరాదు.

వైద్యుడు సన్నని నైలాను పోగును అరికాలికి తాకించియు, శ్రుతిదండమును బొటనవ్రేలిపై నిలిపి వణకు తెలియుచున్నదా యని అడిగియు పరీక్షించును. పిండి మెత్తదనమును తెలిపెడి వణకువంటిదే ఇదియు. పరీక్షకు కొద్ది నిమిషములు పట్టును, నొప్పి యుండదు. ఏటేట దీనిని చేయించుకొనవలెను. వైద్యుడు మరచినచో మనమే అడుగవచ్చును.